వాసెన కట్టిన రెండు జాడీలు

వంటింటి గట్టు చరిత్ర: ధారావాహిక

పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు ఎక్కుతుంటే ఇంటి అలంకరణ సామాన్లు అమ్మే దుకాణాలు వరసగా కనిపిస్తాయి. ఆ అద్దాల వెనక ఈమధ్య ఓ కొత్త రకం జాడీ చేరింది. పాలలాంటి తెలుపు మీద నిమ్మకాయలు, నీలిరంగు తీగలు, ఆకుపచ్చ ఆకులు. కుంచె గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉండి మనిషి చేతి పనే అని చెబుతుంది. పక్కన చిన్న చీటీ: ఇటలీలో చేతితో చేసినది. గరిటెలు నిలబెట్టుకోవడానికి, ఉప్పు పోసుకోవడానికి, ఆలివ్ నూనె ఉంచుకోవడానికి పనికొస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి అమీర్‌పేట బజారుకు వెళ్తే, మామిడికాయల కాలంలో సామాన్ల దుకాణాల ముందు ఇంకో జాడీ ఉంటుంది. మూతి దగ్గర గోధుమరంగు, కింద మీగడ రంగు, చిన్నదాని మీద ఇంకా చిన్నది దొంతరగా. దీనికి చీటీ అక్కర్లేదు. ఆవకాయ జాడీ అంటే తెలియని తెలుగిల్లు లేదు.

ఒకటి పరాయిది, ఒకటి మనది అనిపిస్తుంది. చరిత్ర తిరగేస్తే ఈ రెండూ ఒకే ఇబ్బందికి రెండు దేశాలు వెతుక్కున్న జవాబులు. వాటి దారులు కూడా ఒకటికి రెండుసార్లు కలిశాయి.

ముందు గట్టు సంగతి. ఇవాళ అపార్ట్‌మెంటు వంటింట్లో నడుమెత్తున కనిపించే గ్రానైటు గట్టు మన వంటకు చాలా కొత్త. కట్టెల పొయ్యి నేలమీద ఉండేది, వంట చేసేవాళ్లు పీట వేసుకుని కూర్చునేవాళ్లు. ఊరగాయ జాడీలకు చోటు సామాన్ల గదిలో, చీకటి మూలన. గ్యాసు పొయ్యి వచ్చి వంట నిలబడి చేసే పని అయ్యాక గట్టు పుట్టింది. అమీర్‌పేట, పంజాగుట్టల్లో పాత బంగళాల స్థానంలో అంతస్తుల ఇళ్లు లేచిన కొద్దీ సామాన్ల గది మాయమైంది. అంతవరకూ లోపల దాక్కున్న పాత్రలు వచ్చేవాళ్ల కళ్లముందుకు వచ్చాయి. గట్టు మీద పెట్టే వస్తువు పనికి రావడంతోపాటు చూడముచ్చటగానూ ఉండాలన్న ఆలోచన అప్పటిది. ఇటలీ జాడీకి ఇక్కడ చోటు దొరికింది ఆ ఆలోచన వల్లే.

గట్టు రాకముందు వేల ఏళ్లుగా మన వంటను మోసింది పూత లేని మట్టి. చెరువు మట్టిని తొక్కి, సారె మీద తిప్పి, ఆవంలో కాల్చిన కుండ గాజులా గట్టిపడదు. దాని ఒంటినిండా కంటికి కనిపించని రంధ్రాలు మిగిలిపోతాయి. వాటిలోంచి నీరు మెల్లగా బయటికి ఊరి ఆవిరవుతుంది, ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాగేసుకుంటుంది. వేసవిలో కుండనీళ్లు చల్లగా ఉండేది ఇందుకే. ఈ మట్టి గౌరవం అమీర్‌పేట పక్కనే బల్కంపేటలో ఇవాళ్టికీ చూడొచ్చు. అక్కడి ఎల్లమ్మ తల్లి మూలవిగ్రహం నేలమట్టానికి దిగువన, బావిలో శయనించి ఉంటుంది. ఆషాఢంలో అమ్మవారి కల్యాణం, బోనాలు. కొత్త కుండకు పసుపు, సున్నం, కుంకుమ దిద్ది, వేపమండలు కట్టి, లోపల వండిన అన్నం, మీద దీపం పెట్టి ఆడవాళ్లు తలకెత్తుకుంటారు. ఇత్తడి బోనాలు ఎన్ని వచ్చినా మట్టి బోనం నిలిచే ఉంది. వంటపాత్రనే నైవేద్యంగా నెత్తిన పెట్టుకునే పండుగ రాష్ట్ర పండుగ కావడం కుమ్మరి సారెకు దక్కిన గొప్ప మర్యాద.

నీళ్లకు మేలు చేసిన ఆ రంధ్రాలే ఊరగాయకు చేటు చేస్తాయి. నూనె బయటికి ఊరుతుంది, ఉప్పు గోడలోకి దిగి పొడిపొడిగా పొక్కుతుంది, పులుపు వాసన కుండను వదలదు. లోహంలో పెడదామా అంటే రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు చిలుము ఎక్కుతుంది. మామిడిముక్క, ఉప్పు, ఆవపిండి, నువ్వులనూనె ఏడాదిపాటు కాపురం ఉండాలంటే పీల్చని, కరగని, పులుపుకు లొంగని గోడ కావాలి. మట్టికి గాజుపూత వేస్తే అది దొరుకుతుంది. మన కుమ్మరి ఆవం వేడి అందుకు చాలదు. అందుకని తెలుగువాళ్లు సముద్రం వైపు చూశారు.

పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఆగ్నేయాసియా తీరంలో ఒక రాచకుమార్తె తనకిచ్చిన కానుకల గురించి రాశాడు. అందులో నాలుగు మర్తబాన్లు ఉన్నాయి. వాటినిండా అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి, సముద్రయానానికి పనికొచ్చేలా ఉప్పులో ఊరేసినవి. మిరపకాయ ఇంకా అమెరికా దాటి రాని కాలమది. అయినా జాడీలో మామిడి ఉప్పులో ఊరుతోందన్నమాట! మర్తబాన్ బర్మాలోని రేవు, నేటి మొట్టమా. నల్లటి గాజుపూత వేసిన, మనిషి ఎత్తుకోలేనంత జాడీలు అక్కడినుంచి ఓడలెక్కేవి. పదహారో శతాబ్దపు తొలినాళ్లలో పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బార్బోసా వాటి పేరుప్రతిష్ఠల గురించి రాశాడు. మచిలీపట్నం, పెగూల మధ్య ఓడల రాకపోకలు గోల్కొండ కాలంలో ముమ్మరంగా సాగాయి. హైదరాబాదు ఉర్దూ ఇళ్లలో ఇప్పటికీ అచారు పెట్టేది మర్తబాన్‌లోనే.

తూర్పు సముద్రం మీది ఈ రాకపోకలు గోల్కొండ కంటే చాలా పాతవి. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో పరదేశి వర్తకులకు అభయశాసనం వేయించింది 1244లో. ఆ శతాబ్దం చివర మోటుపల్లి రాజ్యం గురించి, దాన్నేలిన రాణి గురించి రాసిన యాత్రికుడు వెనిస్ వాడైన మార్కోపోలో. చైనా పింగాణీ గిన్నెల గురించి ఐరోపాకు తొలిగా చెప్పినవాళ్లలో కూడా అతనొకడు. నెల్లూరు తీరాన కొత్తపట్నంలో హైదరాబాదు విశ్వవిద్యాలయ పురావస్తు పరిశోధకులు తవ్వినప్పుడు చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఇంకా వెనక్కి వెళ్తే కొండాపూర్ ఉంది. ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గరి కోటగడ్డ. గులాం యజ్దానీ 1940 దశకం మొదట్లో అక్కడ తవ్వించినప్పుడు శాతవాహన నాణేలతోపాటు రోమన్ నాణేలు, తెల్లమట్టితో అచ్చుపోసిన అందమైన బొమ్మలు దొరికాయి. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో ఇటలీలోని అరెజ్జో పట్టణపు ఎర్ర మెరుపు పాత్రల ముక్కలు గుర్తించాడు. అంటే ఇటలీ వంటసామాను దక్షిణ భారత తీరానికి మొదట చేరి రెండు వేల ఏళ్లు. అదే తవ్వకంలో అంచులు తిరిగిన చక్రపు గీతల పళ్లేలను కూడా వీలర్ మధ్యధరా సరుకే అనుకున్నాడు. తర్వాతి పరిశోధకులు ఆ మట్టిని పరీక్షించి అవి భారతదేశంలోనే తయారయ్యాయని తేల్చారు. మంచి పనితనం కనిపిస్తే బయటిదే అయ్యుంటుందనుకునే అలవాటుకు అది గట్టి చెంపదెబ్బ.

ఇప్పుడు ఇటలీ జాడీ తెలుపు ఎక్కడిదో చూడాలి. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చైనా తెల్ల పింగాణీ చూసి ముచ్చటపడ్డారు. అంత తెల్లటి మట్టి వాళ్లకు లేదు, అంత వేడి ఇచ్చే కొలిమీ లేదు. ఒక ఉపాయం కనిపెట్టారు. సీసపు గాజుపూతలో తగరం భస్మం కలిపారు. తగరం భస్మం గాజులో పూర్తిగా కరగదు. సన్నటి రేణువులుగా మిగిలి వెలుతురును చెదరగొడుతుంది. దాంతో అడుగున ఉన్న మట్టి రంగు కనబడకుండా పోయి పాత్ర పాలతెలుపుకు తిరుగుతుంది. ఆ తెలుపు మీద కోబాల్టు నీలంతో బొమ్మలు వేశారు. ఆ విద్య ఈజిప్టు మీదుగా ముస్లిం స్పెయిన్‌కు, అక్కడినుంచి మయోర్కా దీవి వర్తకుల ఓడల్లో ఇటలీకి చేరింది. ఇటలీవాళ్లు ఆ దీవి పేరుతోనే దాన్ని మయోలికా అన్నారు.

గాజుపూతల విద్య పశ్చిమాసియా నుంచి ఇంకో కొమ్మగా తూర్పుకూ వచ్చింది. ఇరాన్ పనివాళ్ల చేతిలో అది రంగు పలకల రూపం తీసుకుంది. బీదరులో మహమూద్ గవాన్ మదరసా గోడల మీద (1472), గోల్కొండ సమాధుల మీద ఆ జాడలున్నాయి. మన పాతబస్తీలో బాద్‌షాహీ ఆషూర్ఖానా దానికి శిఖరం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ మందిరం గోడలకు 1611 నాటికి నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలు పొదిగారు. 1908 మూసీ వరద నీళ్లు లోపలికి వచ్చి కింది భాగం దెబ్బతింది. పైభాగం నేటికీ నిగనిగలాడుతోంది. పంజాగుట్ట అద్దాల వెనక ఇటలీ నీలాన్ని మెచ్చుకునేవాళ్లు ఒక్కసారి మెట్రో ఎక్కి చార్మినారు వైపు వెళ్లి ఆ గోడ ముందు నిలబడాలి. పశ్చిమాసియా కొలిమి దగ్గర మొదలైన చదువుకు అదీ ఒక పట్టా. విచారం ఏమిటంటే మన దగ్గర ఆ విద్య గోడ దిగి వంటింట్లోకి నడవలేదు. సుల్తానుల పోషణ ఆగగానే పలకల పని ఆగిపోయింది. కుమ్మరి సారె దాకా ఆ పూత రానేలేదు.

ఇటలీలో వచ్చింది. అక్కడి గొప్ప అదే. ఫాయెంజా, దెరూతా, మోంతెలూపో లాంటి చిన్న పట్టణాలు పట్టణాలుగా కుమ్మరి పని పట్టుకున్నాయి. మోంతెలూపోలో 1973లో ఒక పాతబావి తవ్వితే వందల ఏళ్లపాటు కుమ్మరులు పారేసిన విరిగిన పాత్రలు గుట్టలుగా బయటపడ్డాయి. ఫాయెంజాలో 1908లో పింగాణీ కళకే ఒక మ్యూజియం పెట్టుకున్నారు. కాస్తెల్ దురాంతె ఊరి చిప్రియానో పికోల్‌పాస్సో 1557 ప్రాంతంలో ఈ వృత్తి రహస్యాలన్నీ బొమ్మలతో సహా మూడు భాగాల పుస్తకంగా రాసిపెట్టాడు. మట్టి ఎక్కడ తవ్వాలి, సారె ఎలా బిగించాలి, సీసం తగరం కలిపి ఎలా భస్మం చేయాలి, కొలిమిలో పాత్రలు ఎలా పేర్చాలి, అన్నీ. మన కుమ్మరుల తరతరాల తెలివికి అలాంటి పుస్తకం ఒక్కటి దొరికినా ఎంత బాగుండేదో.

ఆ పని ఇవాళ కూడా దాదాపు అప్పటిలాగే సాగుతుంది. సారె మీద చేసిన పాత్రను ఆరబెట్టి వెయ్యి డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లో మొదటిసారి కాలుస్తారు. ఎర్రగా, రంధ్రాలతో ఉన్న ఆ పాత్రను తెల్లపూత నీళ్లలో ముంచుతారు. పైన పొడిపొడిగా ఒక పొర పడుతుంది. ఆ పొర రంగును తాకిన క్షణంలో పీల్చేస్తుంది. అందుకే చిత్రకారులకు దిద్దుబాటు అవకాశం లేదు, వేసిన గీత వేసినట్టే. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు రాగి, పసుపుకు ఆంటిమొనీ, వంకాయ రంగుకు మాంగనీసు. తర్వాత మొదటిదానికన్నా కొంచెం తక్కువ వేడిలో రెండోసారి కాలిస్తే పూత కరిగి గాజవుతుంది, రంగులు అందులో మునిగిపోతాయి. అచ్చుయంత్రం వేసిన బొమ్మకూ చేతి బొమ్మకూ తేడా తెలియాలంటే ఆకు చివర చూడాలి. కుంచె పైకి లేచిన చోట రంగు పలచబడి ఉంటే చెయ్యి పడినట్టు.

ఈ పట్టణాల జాడీల్లో తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది అల్బరెల్లో. మందుల దుకాణాల జాడీ ఇది. సిరియా వైపునుంచి వచ్చిన ఆకారం. నడుము కాస్త లోపలికి నొక్కి ఉంటుంది, వరసగా పేర్చిన అరలోంచి చేత్తో పట్టి తీయడానికి. లేహ్యాలు, ఎండిన మూలికలు, తేనెపాకాలు అందులో దాచేవాళ్లు. చాలావాటికి మూతలుండవు. మూతి చుట్టూ అంచు కాస్త బయటికి వచ్చి ఉంటుంది. తోలుకాగితం కప్పి ఆ అంచు కింద దారంతో బిగించి కట్టేవాళ్లు. ఆవకాయ జాడీ మూతికి పలచటి గుడ్డ కప్పి మెడ కింద తాడుతో వాసెన కట్టే అమ్మమ్మలకు ఇందులో వింతేమీ కనిపించదు. జాడీ మెడ అక్కడెందుకు సన్నబడిందో ఫాయెంజాలోనూ గుంటూరులోనూ కారణం ఒకటే: దారం జారకూడదు.

తగరం కథ ఇంకా దగ్గరిది. పులుపునుంచి పాత్రను కాపాడే తెలివి మనవాళ్లకూ తగరంతోనే వచ్చింది. ఇటలీవాళ్లు తగరాన్ని మట్టి మీది గాజులో కలిపితే, మనవాళ్లు దాన్ని ఇత్తడి, రాగి పాత్రల లోపల కరిగించి పూశారు. అదే కళాయి. వీధిలో గొయ్యి తీసి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేసరికి నల్లబడ్డ గిన్నె వెండిలా మెరిసేది. చారు కాచే గిన్నెకూ, పెళ్లిళ్లలో బిర్యానీ వండే రాగి దేగ్‌కూ అదే రక్ష. స్టీలు గిన్నెలు ఇంటింటికీ చేరాక కళాయి కేక అమీర్‌పేట వీధుల్లో వినిపించడం మానేసింది. దేగ్‌లు మిగిలిన చోట ఆ పని కూడా మిగిలింది.

నవాబుల హైదరాబాదు ఇటలీకి దగ్గరైంది వంటింటి దారిలో కాదు, దర్బారు దారిలో. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ వెళ్లి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం కొని తెచ్చాడు. పంజాగుట్ట దగ్గరి ఎర్రమట్టి గుట్ట మీద 1870 ప్రాంతంలో నవాబ్ ఫఖ్రుల్‌ముల్క్ ఐరోపా పోకడలతో ఇర్రం మంజిల్ కట్టించాడు. ఫలక్‌నుమాలో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఏర్పాటైంది. ఆ బల్లల మీద మెరిసింది ఐరోపా ఖరీదు పింగాణీ. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఫ్రాన్సు, జర్మనీ, ఇంగ్లండు పాత్రలు ఆ అభిరుచికి సాక్ష్యం. అదే మ్యూజియంలో చైనా లేతాకుపచ్చ సెలడాన్ పళ్లేలున్నాయి. విషం తగిలితే పగులుతాయనో రంగు మారుతాయనో రాజులు నమ్మిన పళ్లేలవి. ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఆ భవనం ఇంకా నిలబడి ఉండటం ఈ నగరం అదృష్టం.

ఇక మన గోధుమ-మీగడ జాడీ. అది బర్మా జాడీకి వారసురాలే కాని బర్మాది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో తమిళనాడులోని రాణిపేట, వృద్ధాచలం, ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా, గుజరాత్‌లోని థాన్‌గఢ్ లాంటి చోట్ల పింగాణీ పరిశ్రమలు పెరిగాయి. జాడీలు రైళ్లెక్కి తెలుగు బజార్లకు దిగాయి. 1,200 డిగ్రీలు దాటిన వేడిలో మట్టి తనంతట తాను కరిగి బిగుసుకుంటుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. లోపల పగిలిన ముక్క చూసినా అది రాయిలా గట్టిగా ఉంటుంది. పూత చెదిరినా నూనె ఊరదు. ఈ జాడీలకు కావలసిన ముడిసరుకు మన నేలలోనూ ఉంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల బంకమట్టి పింగాణీ పరిశ్రమలో పేరున్నది. గూడూరులో పింగాణీ సాంకేతికత నేర్పే ప్రభుత్వ సంస్థ ఉంది. ఇన్ని ఉండి కూడా ఆవకాయ జాడీ మీద తెలుగు ఊరి పేరు చూసుకోలేకపోవడం మనసుకు కష్టం కలిగిస్తుంది.

ఇంతకీ ఇటలీ జాడీ కొనుక్కున్నవాళ్లు అందులో ఏం పోయాలి? ఇక్కడ చరిత్ర నేరుగా ఆరోగ్యంలోకి దిగుతుంది. మయోలికా తక్కువ వేడిలో కాలిన మట్టి. పూతే దానికి గోడ. పాత పద్ధతి పూతలో తగరంతోపాటు సీసం ఉంటుంది. సరిగా కాలని సీసపు పూతను పులుపు మెల్లగా కరిగిస్తుంది. అందుకే ఐరోపా దేశాలు 1984లోనే ఆహారానికి వాడే పింగాణీకి హద్దు పెట్టాయి. ద్రవం పోసే పాత్రలో పరీక్ష చేసే పులుపునీళ్లలోకి లీటరుకు 4 మిల్లీగ్రాములు, వంటకు వాడేదయితే 1.5 మిల్లీగ్రాములు మించి సీసం దిగకూడదు. ఇప్పుడు చాలా కార్ఖానాలు సీసం లేని పూతలే వాడుతున్నాయి. అయినా ఆహారానికి పనికొస్తుందన్న ముద్ర లేని జాడీని, పాత సామాన్ల దుకాణంలో దొరికిన అందమైన జాడీని గరిటెలకో పూలకో కేటాయించడం మేలు. ముద్ర ఉన్నదానిలో కందిపప్పు, బెల్లం, కాఫీపొడి నిక్షేపంగా పోసుకోవచ్చు. మాగాయ మాత్రం వద్దు. ఏడాది పొడవునా ఉప్పు, పులుపు, నూనె నానే పని అధిక వేడిలో కాలిన రాతిజాడీది. ఆ పనికి అమీర్‌పేట జాడీని మించింది ఇటలీలోనూ దొరకదు.

కొనేముందు అడుగు చూడాలి. దెరూతా జాడీ అయితే ఊరి పేరు, చేతితో చిత్రించినదన్న మాట అడుగున రాసి ఉంటాయి. ఇటలీ ప్రభుత్వం 1990లో 188వ నంబరు చట్టం చేసి, సంప్రదాయ పింగాణీ పట్టణాలకు సొంత ముద్ర వాడుకునే హక్కు ఇచ్చింది. ఏ మట్టి, ఏ పద్ధతి, ఏ బొమ్మలు ఆ ఊరివో రాసిపెట్టి, అవి పాటించిన కార్ఖానాకే ముద్ర ఇస్తారు. పోచంపల్లి చీరకు, నిర్మల్ బొమ్మకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మనకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. బోనాల కుండ చేసే కుమ్మరి చేతికి అలాంటి ముద్ర ఒకటి అందించడం ప్రభుత్వాలకు పెద్ద పనేమీ కాదు.

(వచ్చే సంచికలో: మలయా గనుల తగరం డచ్చివాళ్ల ఓడల్లో మచిలీపట్నం రేవుకు ఎలా చేరింది, కళాయి పని తెలుగు వీధుల్లోకి ఎలా వచ్చింది)